ట్రిగ్గర్ ఎంత తేలికగా ఉండవచ్చు?

ఒక పాఠకుడు అడిగారు: "పోటీల్లో వాడే పిస్టల్ ట్రిగ్గర్‌కు అర కిలో బలం చాలట. పోలీసుల పిస్టల్‌కు రెండున్నర కిలోలు కావాలట. తేలికగా ఉంటే గురి బాగా కుదురుతుంది కదా, మరి అందరికీ అదే ఎందుకు ఇవ్వరు?" నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. దీన్ని తేల్చాలంటే కిలోలతో పాటు మిల్లీమీటర్లు కూడా కావాలి.

గురి గురించి ఆయన అన్నది నిజమే. కిలో బరువు కూడా లేని వస్తువును రెండున్నర కిలోల బలంతో లాగుతుంటే, ఆ లాగుడు కాస్త పక్కకు ఒరిగినా గొట్టం కొన కదిలిపోతుంది. అందుకే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు ఉంటే చాలని నిబంధన పెట్టింది. 50 మీటర్ల పిస్టల్‌కైతే కనీస పరిమితే లేదు. కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. గొట్టాన్ని నిట్టనిలువుగా పట్టుకుని, బల్ల మీది తూనిక బరువును ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా పైకి లేపుతారు. బరువు బల్లను వదిలి పూర్తిగా వేలాడినా పిస్టల్ పేలకూడదు.

ఇక లోపలి సంగతి. తూటాను పేల్చే దెబ్బ కొట్టేది హ్యామర్ గానీ, స్ట్రైకర్ గానీ. బిగించిన దాన్ని పట్టి ఉంచే చిన్న ఉక్కు ముక్కను సియర్ అంటారు. ట్రిగ్గర్ లాగితే ఆ పట్టు వదులుతుంది. బాగా నునుపు చేసిన పోటీ పిస్టళ్లలో ఆ పట్టు అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. తలుపు గడియ అంచుకు మాత్రమే తగిలి నిలిచినట్లన్నమాట. మిగిలిన భాగాల బొమ్మలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది: తుపాకి చేయి జారి కింద పడితే ఏమవుతుంది?

పిస్టల్ వెనుక భాగం నేలకు తగిలేలా పడిందనుకుందాం. నేల తగలగానే తుపాకి ఆగుతుంది. కానీ ట్రిగ్గర్ విడి భాగం, ఇరుసు మీద కదలగలదు. అది అదే వేగంతో ఇంకా కిందికి, అంటే తుపాకి వెనుక వైపుకు, సాగుతూనే ఉంటుంది. వేలు లాగితే కదిలేదీ సరిగ్గా ఆ దిశలోనే! ఒకటింబావు మీటరు ఎత్తు నుంచి పడి, ఒక్క మిల్లీమీటరులో ఆగితే, వేగం తగ్గే రేటు భూమ్యాకర్షణకు 1250 రెట్లు ఉంటుంది (పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే చాలు). ఆ క్షణంలో 10 గ్రాముల ట్రిగ్గర్ పన్నెండున్నర కిలోల బలంతో వెనక్కి గుంజుతుంది. రెండున్నర కిలోల ట్రిగ్గర్ దాని ముందు ఏపాటిది?

అయితే ఆ బలం ఉండేది సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువసేపు. కాబట్టి బలాన్ని మాత్రమే చూస్తే సరిపోదు, శక్తిని చూడాలి. బడిలో స్థితిశక్తి పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ బంతినే కింద పడేస్తారు. ఒక వస్తువులో కదిలే మరో వస్తువు ఉంటే ఏమవుతుందని ఎవరూ అడగరు. అసలు ఆసక్తికరమైనది అక్కడే ఉంది. పడేటప్పుడు ట్రిగ్గర్ సంపాదించిన శక్తి దాని బరువు, పడిన ఎత్తుల లబ్ధం. దాన్ని పూర్తిగా లాగడానికి కావలసిన శక్తి లాగే బలం, అది జరిగే దూరాల లబ్ధం. రెండూ సమానమయ్యే ఎత్తు ప్రమాదపు ఎత్తు. అంటే లాగే బలాన్ని ట్రిగ్గర్ బరువుతో భాగించి, జరిగే దూరంతో గుణిస్తే చాలు.

లెక్క వేద్దాం. రెండున్నర కిలోల బలం, 10 గ్రాముల ట్రిగ్గర్, 5 మిల్లీమీటర్ల కదలిక: 250 రెట్లు 5 మిల్లీమీటర్లు, అంటే 125 సెంటీమీటర్లు. ఛాతీ ఎత్తు. బలాన్ని సగం చేస్తే 62 సెంటీమీటర్లు, బల్ల ఎత్తుకన్నా తక్కువ. కిలో బలం, 3 మిల్లీమీటర్ల కదలిక అయితే 30 సెంటీమీటర్లు. అర కిలో, ఒక మిల్లీమీటరు అయితే 5 సెంటీమీటర్లు! అదే రివాల్వర్‌లో హ్యామర్‌ను కూడా ట్రిగ్గరే ఎత్తాలి. 5 కిలోల బలం, 15 మిల్లీమీటర్ల కదలిక, 15 గ్రాముల ట్రిగ్గర్ అనుకుంటే 5 మీటర్లు వస్తుంది. నేను తీసుకున్నవి ఉజ్జాయింపు అంకెలే. తుపాకి అంతా ఒక్కసారిగా ఆగుతుందనీ, లాగుడు పొడవునా బలం ఒకేలా ఉంటుందనీ అనుకున్నాను. నిజానికి మొదటి కొన్ని మిల్లీమీటర్లు చాలా తేలికగా జరుగుతాయి కాబట్టి అసలు ఎత్తు ఇంకా తగ్గవచ్చు.

ఇదే సూత్రం నుంచి ఇంకో దారీ కనిపిస్తుంది: ట్రిగ్గర్ బరువు తగ్గించడం. 2017లో సిగ్ సావర్ పీ320 పిస్టల్ ఒక ప్రత్యేక కోణంలో వెనక్కి పడ్డప్పుడు పేలుతోందని బయటపడింది. ఆ సంస్థ ప్రకటించిన మార్పుల్లో ముఖ్యమైనది మరింత తేలికైన ట్రిగ్గర్. ఆ పిస్టల్‌లో స్ట్రైకర్‌ను అడ్డుకునే సేఫ్టీ ముందు నుంచీ ఉంది. మరి అది ఎందుకు ఆపలేదు? ఆ అడ్డును తొలగించేది కూడా ట్రిగ్గర్ కదలికే కనుక! వేలు కదిపిందో, నేల కదిపిందో దానికి తెలియదు. సియర్ జారినా, గొట్టం నేలకు తగిలేలా పడి ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచే సూది) ముందుకు దూకబోయినా ఆ అడ్డు కాపాడుతుంది. ట్రిగ్గరే కదిలిపోతే మాత్రం కాపాడలేదు. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ 17లో ట్రిగ్గర్ ముఖం మీద ఒక చిన్న రెక్క ఉంటుంది. దాన్ని వేలు నొక్కితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. ఆ రెక్క బరువు ట్రిగ్గర్‌లో కొద్ది వంతే కాబట్టి పడినప్పుడు అది తనంతట తాను కదిలే అవకాశం చాలా తక్కువ. నాకు ఎంతో నచ్చిన పరిష్కారమిది. "తుపాకి దానంతట అదే పేలింది, అంతా విధి" అనేవారికి ఆ రెక్కను ఒకసారి చూపించాలి.

అయితే వేలు ట్రిగ్గర్ మీదే ఉంటే ఆ రెక్క ఏమీ చేయలేదు. తెలియకుండా చేయి బిగుసుకునే సందర్భాలను శరీరధర్మ శాస్త్రవేత్త రోజర్ ఎనోకా మూడుగా చెప్పారు: ఉలిక్కిపడటం, తూలిపడబోవడం, రెండో చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకోవడం. పిడికిలి మొత్తం బలం 40 కిలోలనుకుంటే చూపుడువేలి వంతు సుమారు 10 కిలోలు. అందులో పావు వంతు బిగిసినా రెండున్నర కిలోలు.

అలాగని లాగే బలాన్ని పెంచితే? న్యూయార్క్ పోలీసు శాఖ 1990లలో రివాల్వర్ల నుంచి పిస్టళ్లకు మారినప్పుడు ట్రిగ్గర్‌ను సుమారు 12 పౌండ్లకు, అంటే దాదాపు ఐదున్నర కిలోలకు, పెంచింది. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు కాల్చిన తూటాలూ వాటి ముక్కలూ తగిలి తొమ్మిదిమంది బాటసారులు గాయపడ్డారు. గురి తప్పడానికి కారణాలు చాలానే ఉండవచ్చు, కానీ లాగడానికి కావలసిన ఆ బలం గురించి అప్పుడు గట్టి చర్చ జరిగింది. 2014 నవంబరులో బ్రూక్లిన్‌లోని ఒక చీకటి మెట్లదారిలో ఒక పోలీసు ఉలిక్కిపడటంతో అంత గట్టి ట్రిగ్గర్ కూడా నొక్కుకుపోయింది. గోడకు తగిలి మళ్లిన తూటా కింది మెట్లపై ఉన్న యువకుడి ప్రాణం తీసింది. విచారణలో జ్యూరీ సభ్యులు ఆ ట్రిగ్గర్‌ను స్వయంగా లాగి చూశారు.

కాబట్టి ఆ పాఠకుడికి నా జవాబు ఇది. గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండి, కాల్చబోయే ముందు మాత్రమే తూటా పెట్టే మైదానంలో 500 గ్రాములు చాలు. నడుముకు తగిలించుకుని పరుగెత్తే మనిషి దగ్గరుండే పిస్టల్‌కు రెండు, రెండున్నర కిలోల బలం, కనీసం 5 మిల్లీమీటర్ల కదలిక, పైన చెప్పిన రెక్కలాంటి విడి అడ్డు, ఈ మూడూ ఉండాలి. స్ప్రింగు మార్చి కిలోకు దించుతామని ఎవరైనా అంటే, ట్రిగ్గర్ బరువు ఎన్ని గ్రాములో, ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతుందో అడిగి, పై లెక్క వేసి చూడండి.