"భయం తగ్గాక బడికి పంపుతాం": పిల్లల థెరపీపై అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బళ్లు తెరిచాక ఒకసారి, దసరా సెలవులయ్యాక మరోసారి నా దగ్గరికి ఒకే రకం కేసులు వరసగా వస్తాయి. ఆదివారం సాయంత్రం కడుపునొప్పి మొదలవుతుంది. సోమవారం పొద్దున వాంతి. స్కూల్ బస్సు వెళ్లిపోయిన కాసేపటికి పిల్ల శుభ్రంగా ఇడ్లీ తిని టీవీ చూస్తుంటుంది. నా దాకా వచ్చేసరికి గ్యాస్ మందు, నులిపురుగుల మాత్ర, పొట్ట స్కానింగ్ అన్నీ అయిపోయి ఉంటాయి. నాయనమ్మ దిష్టి కూడా తీసేసి ఉంటుంది. రిపోర్టులన్నీ నార్మల్. "అంతా నాటకం మేడమ్" అంటాడు తండ్రి. "పాపం భయపడుతోందండీ, కాస్త భయం తగ్గాక పంపుదామని మానిపించాం" అంటుంది తల్లి.

నాటకం కాదు. ఆందోళన ఎక్కువైతే కడుపు నిజంగానే నొప్పెడుతుంది, వాంతి నిజంగానే అవుతుంది. తండ్రిని ఈ విషయంలో ఒప్పించడం పెద్ద కష్టం కాదు. నాకు కష్టమల్లా తల్లి మాటతోనే. అందులో ప్రేమ ఉంది, వినడానికి న్యాయంగానూ ఉంటుంది. నేను చూసినంతలో పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ అదే.

బడికి వెళ్తూ ఉంటేనే బడి భయం తగ్గుతుంది. మానిపించిన రోజు పిల్లకు ప్రాణం లేచొస్తుంది. ఆ హాయితోనే చిక్కు. 'వెళ్లలేదు కాబట్టి బతికిపోయాను' అని మనసు లెక్క రాసుకుంటుంది, మర్నాటికి భయం ఇంకాస్త ముదురుతుంది. ఈలోగా నోట్సు వెనకబడతాయి, స్నేహితురాలి పక్కన ఇంకెవరో కూర్చుంటారు. మొదట ఊహలో ఉన్న భయానికి ఇప్పుడు నిజం కారణాలు తోడవుతాయి.

అలాగని ఏడుస్తున్న పిల్లను రెక్క పట్టుకుని ఆటోలో పడేయమనడం లేదు. ముందు చూడాల్సింది అక్కడ నిజంగా ప్రమాదం ఏమైనా ఉందా అని. ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా, ఒంటి మీద చెయ్యి వేస్తున్నారా, చదవడం రాక క్లాసులో నవ్వులపాలవుతోందా? ఉంటే మార్చాల్సింది బడిని, పిల్లను కాదు. అవేవీ లేవని తేలాకే ఎక్స్‌పోజర్, అంటే భయపడేదాన్ని చిన్న చిన్న మెట్లుగా ఎదుర్కోవడం, మొదలుపెడతాం. ఆలోచననూ ప్రవర్తననూ మార్చే థెరపీ అయిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ)లో ఆందోళనకు అసలు మందు ఇదే.

ఒక ఏడో తరగతి అమ్మాయి సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఇంట్లో అందరూ లెక్కల పరీక్ష భయమనుకున్నారు. తనతోనే భయాల జాబితా రాయిస్తే అన్నిటికంటే పైన రాసింది ప్రేయర్ లైను. లైన్లో వాంతి చేసుకుంటే బడంతా చూస్తుందట. కింది నుంచి మొదలుపెట్టాం. సెలవు రోజు యూనిఫాం వేసుకుని నాన్న బండి మీద గేటు దాకా. తర్వాత లైబ్రరీలో ఒక్క పీరియడ్. తర్వాత ప్రేయర్ అయిపోయాక క్లాసుకు. ప్రతిసారీ వెళ్లేముందు ఏమవుతుందనుకుంటోందో, వచ్చాక ఏమైందో నోటుబుక్కులో రాయాలి. మొదటి పేజీలో "వాంతి అవుతుంది, భయం 10కి 9" అని ఉంది. దాని కిందే సాయంత్రం రాసింది: "వచ్చేలా ఉంది కానీ రాలేదు, 5." ఒకరోజు "ఇంకెన్నాళ్లు మేడమ్ ఈ లైబ్రరీ, బోర్ కొడుతోంది" అంది. తర్వాతి మెట్టుకు వెళ్లొచ్చని చెప్పడానికి నాకు అంతకంటే మంచి గుర్తు లేదు.

ఇందులో అమ్మానాన్నల పనే ఎక్కువ. "నాకేం కాదు కదమ్మా?" అని పిల్ల ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ "ఏం కాదు తల్లీ" అంటారు. ఇరవై ఒకటోసారీ అడుగుతుంది. దానికి బదులు "నీకు భయంగా ఉందని తెలుసు, తట్టుకోగలవనీ తెలుసు" అని ఒకసారి చెప్పి ఊరుకోవాలి. ఊరుకోవడం వాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఈ పద్ధతిని తల్లిదండ్రులకు మాత్రమే నేర్పి చూసింది. పిల్లలు థెరపీ గదిలోకి రాకపోయినా, నేరుగా సీబీటీ చేయించిన పిల్లలకు తీసిపోని ఫలితం వచ్చిందని 2020లో ప్రచురించింది.

మా ఇంట్లోనూ ఇదే కథ. మావాడికి కుక్కలంటే హడలు. మా అత్తగారు కర్ర పట్టుకుని ముందు నడిచి వీధిలో కుక్కలన్నిటినీ తరిమేవారు. "మనవడు జడుసుకుంటాడు, నీ చదువు నీ క్లినిక్‌లో పెట్టుకో అమ్మాయ్" అనేవారు. ఆవిడ ఊరెళ్లినప్పుడే పక్కింటి కుక్కపిల్లతో మా పని సాగింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచి మాటలు చెప్పడమే కదా, కాస్త గట్టిగా చెప్పండి" అంటారు. మంచి మాటలతో పోయేదైతే మీ ఇంట్లోనే పోయేది. "మందులు మొదలెడితే జన్మంతా వాడాలి" అన్నది వాట్సాప్ జ్ఞానం. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల ఆందోళన ఉన్న పిల్లలు 488 మందిపై చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, 12 వారాలకు సీబీటీతో 60 శాతం, సెర్ట్రలిన్ మందుతో 55 శాతం, రెండూ కలిపితే 81 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్రతో 24 శాతం. అందరికీ మందు అక్కర్లేదు, అవసరమైన పిల్లకు ఆపడం మేలు కాదు. మొదలుపెట్టాక సైకియాట్రిస్టును అడగకుండా మధ్యలో మానేయకండి.

"చావు గురించి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుంది" అని ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు భయపడతారు. అవ్వదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా, నెమ్మదిగా అడగండి. ఔనంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక థెరపిస్టును ఎంచుకునేటప్పుడు, క్లినికల్ సైకాలజిస్టునంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఏమీ అనుకోం. ఏ పద్ధతిలో చేస్తారు, ఎన్ని వారాలకు మార్పు కనబడాలి, ఇంట్లో మేమేం చేయాలి అని మొదటి రోజే అడగండి. "మీరేం చేయనక్కర్లేదు, పిల్లను వదిలి గంట తర్వాత రండి" అంటే ఇంకొకరిని చూసుకోండి.