కొన్నాక ఉసూరుమనిపించే కార్లు: అపోహలు – వాస్తవాలు

కారు కొన్న ఆర్నెల్లకే "దీన్నెందుకు కొన్నానా" అని తల పట్టుకునేవాళ్ల బండ్లు లిఫ్టు ఎక్కించి చూస్తే, పుట్టుకతోనే చెడ్డదైన బండి దొరికేది తక్కువ. చాలావరకు బండి బాగానే ఉంటుంది, దానికి పడని వాడకంలో ఇరుక్కుని ఉంటుంది. లేదంటే ఫలానా ఇంజిన్‌కో ఫలానా గేర్‌బాక్స్‌కో ఉన్న పాత జబ్బు కొన్నవాళ్ల చెవిన పడి ఉండదు. షోరూం లైట్ల కింద ఈ రెండూ కనపడవు.

అపోహ: డీజిల్ బండి మైలేజీ ఇస్తుంది, ఇంజిన్ మొండిది. ఎవరు కొన్నా నష్టం లేదు.

రోజూ ఐదు కిలోమీటర్లు వెళ్లి ఐదు కిలోమీటర్లు వచ్చేవాళ్లకి ఈ తరం డీజిల్ అంత తలనొప్పి మరొకటి లేదు. సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ వదిలే మసిని పట్టి ఉంచి, నిండబోయేసరికి దాన్ని కాల్చేసుకోవడం దాని పని. హైవే మీద పొగ బాగా వేడెక్కితే కొంత మసి దానంతటదే కాలిపోతుంది. ఆ వేడి దొరకనప్పుడు కంప్యూటర్ అదనంగా డీజిల్ కొట్టించి ఫిల్టర్‌ని 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిస్తుంది. ఈ తంతు పూర్తవడానికి బండి ఆగకుండా 15, 20 నిమిషాలు నడవాలి. మీరు పదో నిమిషంలో ఆఫీసు గేటు దగ్గర ఇంజిన్ ఆపేస్తారు. మర్నాడు మళ్లీ మొదలు, మళ్లీ సగంలోనే ఆగడం.

మసి కంటే పెద్ద ముప్పు ఇంకోటుంది. చాలా ఇంజిన్లలో ఆ అదనపు డీజిల్‌ని కొట్టేది సిలిండర్లలోకే. మండకుండా మిగిలింది గోడల వెంట జారి కిందున్న ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటిందా? రెండు వేళ్ల మధ్య రాస్తే పలచగా జారిపోతూ డీజిల్ వాసన కొడుతోందా? అయితే ఆ ఆయిల్‌కి బేరింగులను కాపాడే సత్తువ పోయినట్టే, టర్బో కూడా ఎంతోకాలం నిలవదు. "ఆయిల్ నిండుగానే ఉంది కదా" అని ఓనరు సంతోషపడేది సరిగ్గా ఇక్కడే.

బండి ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతున్నా, ఐడిలింగు మామూలు కంటే ఎత్తుగా ఉన్నా, కాలిన వాసన వస్తున్నా ఫిల్టర్ శుభ్రమవుతోందని గుర్తు. అప్పుడు ఆపకుండా ఇంకో చుట్టు తిరిగి రండి. ఫిల్టర్ లైటు వెలిగిన తొలి రోజే ఒక గేరు తగ్గించి, 2000 ఆర్పీఎం పైన 20 నిమిషాలు ఆగకుండా నడిపితే చాలా బండ్లు దారికొస్తాయి. వారాల తరబడి వదిలేస్తే ఫిల్టర్ దించక తప్పదు. దాన్ని కోసి తీసేయించమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. అది చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, పొగ పరీక్షలో దొరికిపోతుంది కూడా. వారానికోసారైనా లాంగ్ డ్రైవ్ పడని ఇంటికి పెట్రోలు బండే నయం.

అపోహ: పేరున్న కంపెనీ అయితే కళ్లు మూసుకుని కొనేయొచ్చు.

పేరు కంపెనీకి ఉంటుంది, జబ్బు ఇంజిన్‌కి ఉంటుంది. నమ్మకానికి మారుపేరైన టొయోటాలోనే 2.4 లీటర్ల 2ఏజడ్-ఎఫ్ఈ పెట్రోలు ఇంజిన్ 2000ల చివర్లో ఆయిల్ తాగడానికి పేరుపడింది. పిస్టన్‌లో ఆయిల్ రింగు దగ్గరుండే సన్న రంధ్రాలు మసితో మూసుకుపోయి, రింగు గీసి కిందకి పంపాల్సిన ఆయిల్ పైకెక్కి మండిపోయేది. పిస్టన్లు, రింగులు మార్చడానికి కంపెనీ కొన్ని మోడళ్లకి వారంటీ పొడిగించాల్సి వచ్చింది. హోండా 1.5 లీటర్ల టర్బోలో చలి ప్రాంతాల్లో, చిన్న చిన్న ట్రిప్పుల్లో పెట్రోలు వెళ్లి ఆయిల్‌లో కలిసే గొడవ 2018లో రచ్చకెక్కింది. అదే కంపెనీల్లో పక్క ఇంజిన్లు ఏళ్ల తరబడి నోరెత్తకుండా నడుస్తున్నాయి.

కాబట్టి "ఈ కంపెనీ మంచిదేనా?" అని అడిగితే ఉపయోగం లేదు. ఇంజిన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, తయారైన సంవత్సరం, ఈ మూడూ పట్టుకుని విచారించండి. 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇస్తే రీకాల్ పని పెండింగులో ఉందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెప్తారు. కొత్త మోడల్ వచ్చిన తొలి ఏడాదే కొనాలని తొందరపడేవాళ్లు, మిగతావాళ్ల తరఫున ఉచితంగా టెస్టింగ్ చేసిపెడుతున్నట్టే లెక్క.

అపోహ: ఏ ఆటోమేటిక్ అయినా ఒకటే. ట్రాఫిక్‌లో హాయిగా ఉంటుంది.

ఎక్కువమంది బోర్లాపడేది దీని దగ్గరే. బయటికి అన్నీ రెండు పెడల్సే, లోపల మాత్రం నాలుగు వేర్వేరు జాతులు.

డ్రై డ్యూయల్ క్లచ్ సంగతి ముందు చూద్దాం. ఇందులో క్లచ్ ప్లేట్లు రెండు, చల్లబరచడానికి ఆయిల్ ఉండదు, గాలే దిక్కు. రోడ్డు ఖాళీగా ఉంటే గేర్లు వెన్నలా పడతాయి. బంపర్‌కి బంపర్ ఆనించి అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్‌లో ప్లేట్లు పూర్తిగా పట్టుకోవు, పూర్తిగా వదలవు. ఆ సగం పట్టులోనే రుద్దుకుని వేడెక్కి, ముఖం గాజులా నున్నబడి, బండి కదిలేటప్పుడు గజగజ వణుకుతుంది. ఫోర్డ్ ఫియెస్టా, ఫోకస్‌లలో వచ్చిన పవర్‌షిఫ్ట్ ఈ వణుకుతోనే అప్రతిష్ట పాలైంది. ఫిర్యాదు చేసిన కస్టమర్లతో వ్యవహరించిన తీరుకి 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఆ కంపెనీకి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డీక్యూ200 కూడా డ్రై క్లచ్ రకమే. 2013లో చైనాలో డీఎస్‌జీ (ఆ కంపెనీ తన డ్యూయల్ క్లచ్‌కి పెట్టుకున్న పేరు) గేర్‌బాక్స్ లోపం మీద ఆ కంపెనీ 3.8 లక్షలకు పైగా బండ్లు వెనక్కి పిలిచింది. అదే కంపెనీ ఆరు గేర్ల డీక్యూ250లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. దానికి 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆ ఒక్కటి ఎగ్గొట్టి తర్వాత గేర్‌బాక్స్‌ని తిట్టేవాళ్లు తక్కువేం కాదు.

డ్రై క్లచ్ బండి ఇప్పటికే ఇంట్లో ఉంటే రెండు అలవాట్లు చేసుకోండి. ముందు బండి జానెడు కదిలినప్పుడల్లా మీరూ కదలకండి. రెండు కార్ల ఖాళీ పడనిచ్చి ఒక్క ఊపులో వెళ్లండి. ఎత్తు మీద ఆగితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు మీదే ఉంచండి. కొనేటప్పుడైతే 20 నిమిషాలు నడిపి వేడెక్కించాక ర్యాంపు మీదకి రివర్సులో నెమ్మదిగా ఎక్కించండి. ఉన్న వణుకు ఆ ర్యాంపు మీద దాగదు.

సీవీటీలో మెట్టు మెట్టుగా గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంది. గట్టిగా తొక్కితే ముందు శబ్దం, తర్వాత వేగం. చాలామంది రిపేరు అనుకునేది దాని స్వభావం. "లైఫ్‌టైం ఆయిల్" అని చెప్తే మాత్రం, ఎవరి లైఫ్‌టైం అని అడగండి. 60 వేల కిలోమీటర్ల దగ్గర కంపెనీ చెప్పిన సీవీటీ ఆయిలే పోయించాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి, ఆ తర్వాత చేసేదేం లేదు. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, మీ కాలికి బదులు ఒక యాక్చువేటర్ క్లచ్ తొక్కుతుంది. గేరు మారినప్పుడల్లా తల ముందుకి ఊగడం లోపం కాదు. రోజూ ట్రాఫిక్, ఎత్తుపల్లాల దారులు ఉన్నవాళ్లకి ఓపికగా పనిచేసేది టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా అందించే పాత తరహా ఆటోమేటిక్. మైలేజీ కాస్త తగ్గినా సరే.

అపోహ: టైమింగ్ చెయిన్ ఉంటే జీవితాంతం చూసుకోనక్కర్లేదు.

ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసే టైమింగ్ చెయిన్. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్లలో, ముఖ్యంగా 2007–2011 మధ్యవాటిలో, చెయిన్ సాగడం, తెగడం పేరుమోసిన జబ్బు. పైగా ఆ చెయిన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చేతికి అందాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెనక వైపు చెవి పెట్టండి. గొలుసు ఈడ్చినట్టు గరగర వినిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచుతారు, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ఫోన్‌లోనే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే ఆ మాట నిలబెట్టుకున్నారో లేదో తెలిసిపోతుంది.

చెయిన్ పనే చేస్తూ ఆయిల్‌లో తడుస్తూ తిరిగే బెల్టులది వేరే కథ. ప్యూజో, సిట్రోయెన్ కార్లలో వచ్చిన 1.2 ప్యూర్‌టెక్ పెట్రోలు ఇంజిన్లలో, ఆయిల్‌లో పెట్రోలు కలిసినా, తప్పు గ్రేడు ఆయిల్ పోసినా బెల్టు ఉబ్బి, అంచులు చీకి, పొట్టు రాలుతుంది. ఆ పొట్టు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కి ప్రెషర్ తగ్గుతుంది. బ్రేకు వాక్యూం పంపు దాకా చేరితే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. చివరికి కంపెనీ ఈ బెల్టు వారంటీని 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్లకి పెంచింది. ఆయిల్ మూత తీసి టార్చి వేస్తే బెల్టు కంటికి కనిపిస్తుంది. వెడల్పు కొలిచే గేజీ ఉంటుంది. అందులో పట్టకపోతే బెల్టు ఉబ్బినట్టే, మార్చాలి.

అపోహ: పాత లగ్జరీ కారు చిన్న కారు ధరకి దొరికితే లాభమే.

బండి ధర పడిపోయింది గానీ దాని పార్టుల ధర పడిపోలేదు. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే సాయంత్రం చదునైన చోట ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలవండి. ఒక మూల రెండు మూడు సెంటీమీటర్లు దిగితే బెలూన్ లీకవుతోంది. ఆ లీకుని పూడ్చడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి కాలిపోతుంది. అంటే ఒక రిపేరు అనుకున్నది రెండవుతుంది.

అపోహ: రీడింగ్ తక్కువుంది కాబట్టి బండి తక్కువ తిరిగింది.

మీటర్ తిప్పడం తేలిక. బండి ఒంటి నిండా ఉన్న మిగతా సాక్ష్యాలను తిప్పడం కష్టం. టైరు పక్కన డీఓటీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. మీటర్ 20 వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ బండి వయసు కంటే బాగా కొత్తవైతే, మొదటి సెట్ ఏమైందో అడగండి. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద గడియారంలో పది అంకె ఉండే చోటు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు, ఇవి అరిగిన తీరు మీటర్‌తో పొసగాలి.

సీటుబెల్టు చివరిదాకా లాగండి. రోజూ కనపడే భాగం శుభ్రంగా ఉండి, రీలు లోపలి భాగం మీద బురద చార ఉంటే అది వరద నీళ్లలో మునిగిన బండి. పెయింట్ గేజీతో కొలిస్తే కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 300 దాటితే మళ్లీ వేసిన రంగు, వెయ్యి దగ్గరికొస్తే కింద పుట్టీ ఉంది.

అన్నిటికంటే పనికొచ్చేది ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే పరికరం. "చెక్ ఇంజిన్ లైటు లేదు చూడండి" అనే మాటకి విలువ లేదు, అమ్మే ముందు గంటలో లైటు చెరిపేయొచ్చు. స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు తెరవండి, పొగను శుభ్రం చేసే భాగాలను కంప్యూటర్ పరీక్షించిందో లేదో చూపించే జాబితా అది. కేటలిస్టు, ఈజీఆర్ లాంటి వాటి ఎదురుగా "పూర్తి కాలేదు" అని వరసగా కనిపిస్తే, కోడ్‌లు ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. దాని పక్కనే "కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం" అని ఉంటుంది. అక్కడ 6 కిలోమీటర్లు అని కనిపిస్తే ఇంకేం మాట్లాడక్కర్లేదు. పది రోజులు మామూలుగా తిప్పాక మళ్లీ చూపించమనండి.

అపోహ: పెద్ద చక్రాలుంటే బండి బాగా నడుస్తుంది.

ఫొటోలో బాగుంటుంది. 16 అంగుళాల రిమ్‌కి బదులు 18 వేస్తే టైరు గోడ సన్నబడుతుంది, గుంత దెబ్బ నేరుగా రిమ్‌కి తగులుతుంది. అదే మోడల్ కింది వేరియంట్ నడిపి చూడండి, తేడా నడుముకి తెలుస్తుంది.

అపోహ: పది నిమిషాల టెస్ట్ డ్రైవ్ చాలు.

సీటు తొడలకి ఆనుతుందో లేదో నలభై నిమిషాలు కూర్చుంటే గాని బయటపడదు. మీరు రోజూ వెళ్లే దారిలో, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి నడపండి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి గుండ్రంగా తిరగండి, టకటకమంటే ముందు చక్రాన్ని తిప్పే ఇరుసులోని సీవీ జాయింట్ అరిగినట్టు. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు చూడండి. నడుస్తూనే ఏసీ వేడి రెండు డిగ్రీలు మార్చండి. దానికి స్క్రీన్ మీద మూడు చోట్ల నొక్కాల్సి వస్తే, ఏళ్ల తరబడి అలాగే నొక్కుతూ ఉంటారు. ఈ తెలివి ఇప్పటిది కాదు. ఫోర్డ్ తెచ్చిన ఎడ్సెల్ బ్రాండు 1958 మోడల్లో గేరు బటన్లను స్టీరింగ్ నడిమధ్య, హారన్ కోసం చెయ్యి పోయే చోట పెట్టారు. 1959 నవంబరుకల్లా ఆ బ్రాండే మూతపడింది. దానికి వేరే కారణాలు చాలానే ఉన్నాయనుకోండి.

అపోహ: బ్రోచర్‌లో రాసిన మైలేజీ రావాలి, రాకపోతే బండిలో లోపం.

ఆ అంకె ల్యాబులో రోలర్ల మీద తీసింది, బండ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది. మీ అంకె కావాలంటే ట్యాంకు ఫుల్ చేసి, మీటర్ సున్నా చేసి, 300 కిలోమీటర్లయినా తిరిగి, అదే పంపులో మళ్లీ ఫుల్ చేసి లెక్కవేయండి. చిన్న టర్బో ఇంజిన్‌తో పెద్ద బండి లాగిస్తే తేడా ఇంకా ఎక్కువ. టర్బో ఊదినప్పుడల్లా దానికి తగ్గ పెట్రోలు పోయాల్సిందే కదా.

అపోహ: ఎలక్ట్రిక్ కారులో పాడవడానికేముంది, పాతది కొన్నా ఒకటే.

బ్యాటరీ వయసు ఎండలో తొందరగా కరుగుతుంది. నిస్సాన్ లీఫ్ తొలి రెండు తరాల బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ లేదు. అందుకే తొలి లీఫ్‌లు వేడి ప్రాంతాల్లో త్వరగా సత్తువ కోల్పోయాయి. ఆ లీఫ్‌ల మీటర్‌లో కుడి అంచున 12 చిన్న గీతలుంటాయి, అవి ఆ పూట ఛార్జింగ్‌ని కాక బ్యాటరీ మొత్తం సామర్థ్యాన్ని చూపిస్తాయి. తొలి గీత మాయమయ్యేసరికే దాదాపు 15 శాతం పోయినట్టు. కంప్యూటర్‌ని రీసెట్ చేస్తే పోయిన గీతలు కొన్నాళ్లు తిరిగి కనిపిస్తాయి కాబట్టి గీతలు లెక్కపెట్టి ఊరుకోకండి. ఓబీడీ డాంగిల్‌తో బ్యాటరీ ఆరోగ్యం శాతం, సెల్ ఓల్టేజీల మధ్య తేడా రెండూ చూడండి. ఏ ఎలక్ట్రిక్ కారుకైనా ఫుల్ ఛార్జ్ చేసి, హైవే మీద ఏసీతో సగం బ్యాటరీ అయ్యేదాకా నడిపి, ఎంత దూరం వచ్చిందో రెట్టింపు చేయండి. అమ్మేవాళ్లు చెప్పిన రేంజ్ పక్కన ఆ అంకె రాసుకుని, అప్పుడు బేరానికి కూర్చోండి.