రోళ్లపాడు: గడ్డి మిగిలింది, బట్టమేక పోయింది

ఎండలు మొదలయ్యేసరికి నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యంలో గడ్డి నిలువునా ఎండిపోతుంది. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క ఒక్కటి చాలు, ఎకరాలకు ఎకరాలు తగలబడతాయి. అందుకే ఈ కాలంలో సిబ్బందికి అసలు టెన్షన్ మంటలతోనే. మంట దాటకుండా అక్కడక్కడా గడ్డి చెక్కేసి ఖాళీ బాటలు వదులుతారు. చలికాలమంతా ఈ గడ్డిలో రాత్రిళ్లు గడిపిన హ్యారియర్ గద్దలు మధ్య ఆసియా వైపు తిరుగుముఖం పడతాయి. కృష్ణజింకలు ఇక్కడే ఉంటాయి. ఏ పక్షి కోసం ఇదంతా కాపాడుతున్నారో ఆ బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కనిపించడమే గగనమైపోయింది.

1980ల మొదట్లో ఇక్కడ బట్టమేకలు ఉన్నాయని తెలిశాక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధన మొదలుపెట్టింది. కొంత భూమి చుట్టూ కందకాలు తవ్వి పశువుల మేత ఆపేశారు. గడ్డి పెరిగింది, పిట్టలూ పెరిగాయి. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు.

చిక్కు ఆ అంకెలోనే ఉంది. పదిహేను కిలోల దాకా తూగే ఈ పక్షికి ఆ కాస్త చోటు ఏ మూలకి? గుడ్డు నేల మీదే పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. మిడతలు, తొండలు, గింజలు ఏరుకుంటూ చుట్టూ ఉన్న మెట్ట చేలన్నీ తిరుగుతుంది. అంటే దాని బతుకు సగం అభయారణ్యం బయటే, జొన్న, కొర్ర వేసే రైతుల పొలాల్లో. పక్కనే అలగనూరు రిజర్వాయర్ వచ్చింది, కాలువలు వచ్చాయి. నీళ్లొచ్చాక ఎవరు మాత్రం మెట్ట పంట వేస్తారు? రైతును తప్పుపట్టలేం. కానీ మనుషుల రాకపోకలు పెరిగి, పంటలు మారి, పిట్టకు తిరిగే చోటు కరిగిపోయింది.

జింకల సంగతి మరో తలనొప్పి. రక్షణ దొరకడంతో పదుల్లో ఉన్నవి వందలయ్యాయి, పైర్ల మీద పడ్డాయి. నష్టపోయిన రైతు కోపం జింక దగ్గర ఆగలేదు, అభయారణ్యం మీదికీ బట్టమేక మీదికీ మళ్లింది. మధ్యప్రదేశ్‌లోని కరేరాలోనూ దాదాపు ఇదే జరిగింది, అక్కడ పిట్ట పూర్తిగా కనుమరుగైంది. 1990ల చివరికి రోళ్లపాడులోనూ సంఖ్య బాగా పడిపోయింది.

అసలు గడ్డి నేలను బంజరుగా లెక్కేసే అలవాటు మన ప్రభుత్వాలకు పాతదే. చెట్లు లేకపోతే అడవి కాదన్నట్టు మొక్కలు నాటేస్తారు. ఇలాంటి చోట్ల పెరిగే ప్రతి తుమ్మ చెట్టూ బట్టమేకకు అడ్డే, ఎందుకంటే చుట్టూ దూరం దాకా కనిపించే బయలు దానికి కావాలి. మేత పూర్తిగా ఆపడం కూడా మేలు కాదని, హద్దుల్లో పశువుల్ని తిప్పితేనే గడ్డి సరైన ఎత్తులో ఉంటుందని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదనే సబబనిపిస్తుంది.

దేశం మొత్తమ్మీద ఈ పక్షులు నూటయాభై లోపే మిగిలాయని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. అక్కడి సంరక్షణ కేంద్రాల్లో వీటి పిల్లల్ని పెంచుతున్నారు. వాటిలో కొన్నిటిని ఎప్పుడైనా ఇటు పంపాలనుకుంటే, ముందు మాట్లాడాల్సింది కంచె లోపలి గడ్డి గురించి కాదు, బయట మెట్ట పంటకు రైతుకు ఎంత గిట్టుబాటు ఇస్తారన్నదాని గురించి.