"పెద్ద డాక్టరు చూశాడుగా, మళ్లీ మీటింగెందుకు?": మెదడు గడ్డలపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో న్యూరో వార్డు నర్సుగా చేరి, ఇప్పుడు ప్రతి బుధవారం జరిగే ట్యూమర్ బోర్డుకు, అంటే ఒక్కో గడ్డ కేసుపై డాక్టర్లంతా కలిసి కూర్చునే మీటింగుకు, ఫైళ్లు సర్దే పని చూస్తున్నాను. కావలి, ఉదయగిరి, పొదిలి, కనిగిరి, ఎటునుంచి వచ్చినా జనం అడిగే మాటలు దాదాపు ఒకటే.

అపోహ: మీటింగు పెట్టారంటే డాక్టరుకు అంతుచిక్కలేదన్నమాట.

కనిగిరి వైపు నుంచి వాళ్ల నాయన్ను తీసుకొచ్చిన ఒకబ్బాయి మొహమ్మీదే అడిగేశాడు: "మీ సారుకు తెలీకపోతే చెప్పండి మేడం, మద్రాసు తీసకపోతాం." మద్రాసు పోయినా అక్కడా ఇదే మీటింగు జరుగుతుంది బాబూ అన్నాను.

ఆ గదిలో ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ ఉంటారు. మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ డాక్టరు, కీమో ఇచ్చే డాక్టరు, స్కాన్ చదివే రేడియాలజిస్టు, గడ్డ నుంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసే పాథాలజిస్టు ఉంటారు. ఒక్కో గడ్డ ఒక్కొక్కరికి ఒక్కోలా కనబడుతుంది. మెదడులో వచ్చే లింఫోమా అనే ఒక రకం క్యాన్సరు గడ్డ సంగతే తీసుకోండి. స్కాన్‌లో చూస్తే కోసి తీసేస్తే పోదా అనిపిస్తుంది. కానీ దానికి పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, మెథోట్రెక్సేట్ ఎక్కువ మోతాదులో ఇచ్చే కీమోతో మొదలుపెడతారు. ఇందులో ఇంకో చిక్కుంది. ముక్క తియ్యకముందే వాపు తగ్గాలని స్టెరాయిడ్ ఇస్తే ఆ గడ్డ తాత్కాలికంగా కరిగి, ముక్కలో ఏమీ తేలకుండా పోవచ్చు. "మనిషి నిలకడగానే ఉన్నాడు, ముక్క తీసేదాకా స్టెరాయిడ్ వద్దు" అని రేడియాలజిస్టు మేడం అడ్డుపడ్డ సందర్భాలు నేను చూశాను.

మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి పిట్యూటరీ. దాని గడ్డల్లో ప్రొలాక్టినోమా అనేది ఒకటి. నెలసరి ఆగిందని, కాన్పు కాకుండానే పాలొస్తున్నాయని ఆడవాళ్లు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి మా దగ్గరికి చేరతారు. రక్తంలో ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ ఎంతుందో చూస్తే, చాలామందికి కాబర్గోలిన్ మాత్రలతోనే గడ్డ కుంచించుకుపోతుంది. ఆపరేషన్ ఊసే ఉండదు. అందుకే ఈ కేసులకు హార్మోన్ల డాక్టరును కూడా కూర్చోబెడతారు.

అపోహ: కత్తి తగిలితే గడ్డ పాకుతుంది.

ఇది ఊరూరా ఉంది. మెదడు కణజాలంలోంచే పుట్టే గ్లయోమా జాతి గడ్డలు కత్తి తగలకముందే పాకి ఉంటాయి, వరి మడిలో తుంగలాగా. పైకి కనబడే మొక్కను పీకినా కింద వేళ్లుంటాయి. ఆపరేషన్ తర్వాత మళ్లీ పెరిగితే కత్తి పెట్టబట్టే పెరిగిందంటారు. అది దాని గుణం. ఎంత ఎక్కువ తీయగలిగితే అంత మంచిది, కానీ చెయ్యి పడిపోకూడదు, మాట పోకూడదు. మాట్లాడే భాగం పక్కనే గడ్డ ఉంటే కొందరిని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ తీస్తారు. మెదడుకు నొప్పి తెలీదు, పైచర్మానికి మత్తిస్తే చాలు. కాబట్టి సర్జన్ కొంచెం మిగిల్చారంటే చేతకాక అనుకోవద్దు. తెలిసే వదిలారు.

అపోహ: ముక్క రిపోర్టు కాగితం ఉంటే చాలు.

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. 2021లో డబ్ల్యూహెచ్‌ఓ మెదడు గడ్డల వర్గీకరణను మార్చింది. ఇప్పుడు పెద్దవాళ్ల గ్లయోమాకు పేరు పెట్టాలంటే కంటికి కనబడేది ఒక్కటే చాలదు, ఐడీహెచ్ లాంటి జన్యు మార్పులు కూడా చూడాలి. టెమోజొలమైడ్ అనే కీమో మందు ఎంతవరకు పనిచేస్తుందో ఎంజీఎంటీ అనే జన్యు పరీక్ష కొంత చెబుతుంది. ఇవన్నీ ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో పొదిగి దాచే బ్లాకు మీద చేస్తారు. ఆ బ్లాకు ముందు ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో ఉండిపోతుంది. ఒక చోట బ్లాకు కోసం ఆ ఇంటివాళ్లను మూడుసార్లు తిప్పారు. పేరు ఎందుకులే. డిశ్చార్జి రోజే రాతపూర్వకంగా అడిగి తీసుకుంటే ఈ తిరుగుడు తప్పేది.

స్కాన్‌దీ ఇదే కథ. ఫిల్మును కిటికీకి ఆనించి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. అందులో మా రేడియాలజిస్టు మేడంకు కిటికీ ఊచలు బాగా కనబడతాయి. సీడీ కావాలి.

అపోహ: మాత్ర వేయగానే తగ్గింది, గడ్డ కరిగిపోయినట్టే.

అది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మహిమ. గడ్డ చుట్టూ ఉన్న వాపు తగ్గి తలనొప్పి, వాంతులు పోతాయి. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది. బాగుందని పల్లెకు వెళ్లిపోయి, మాత్రలు అయిపోయాక ఒక్కసారిగా ఆపేసి, వారం తిరక్కుండా స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లున్నారు. స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. షుగరు కూడా పెంచుతుంది, చూసుకుంటూ ఉండాలి. ఫిట్స్ మాత్రలైతే సొంతంగా అసలు ఆపకూడదు.

అపోహ: కరెంటు పెడితే మెదడు కాలిపోతుంది.

పేరులోనే కరెంటు. అవి నిజానికి ఎక్స్‌రే లాంటి కిరణాలే, షాకు కొట్టవు. తల కదలకుండా మొహానికి అచ్చుపోసిన మాస్కు పెడతారు, కొద్ది నిమిషాల పని. కిరణాలు పోయే చోట జుట్టు రాలుతుంది, నీరసం ఉంటుంది. గ్లయోమాల్లో బాగా ఉధృతంగా పెరిగే గ్లయోబ్లాస్టోమాకు 2005 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో 6 వారాల్లో 30 సిట్టింగులు, మొత్తం 60 గ్రే (కిరణాల మోతాదు కొలత), దాంతోపాటు రోజూ టెమోజొలమైడ్. దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు, ఆ మాట దాచను. అయితే 65 దాటినవాళ్లకు, వాళ్ల ఓపికను బట్టి, 3 వారాల్లో 15 సిట్టింగులతో ముగించే పద్ధతి కూడా ఉంది. ఆస్పత్రి దగ్గర గది అద్దెకు తీసుకుని ఉండే మార్కాపురం రైతుకు ఆ 3 వారాలు చిన్న సంగతి కాదు. కనిగిరి పెద్దాయనకు మీటింగులో తేలింది ఈ 15 సిట్టింగుల లెక్కే. ఆ అబ్బాయి ఆ తర్వాత మద్రాసు మాట ఎత్తలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తలలో కనబడే ప్రతి గడ్డా క్యాన్సరు కాదు. మెదడు పైపొరల్లో పుట్టే మెనింజియోమాలు చాలావరకు నిదానంగా పెరిగే మామూలు గడ్డలు. ఫిట్స్‌తో వచ్చిన కుర్రవాళ్లలో టీబీ గడ్డలు, పంది టేపువార్ము తిత్తులు కూడా దొరుకుతాయి. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో వచ్చిన గడ్డా కావచ్చు, అందుకే తలకు జబ్బయితే ఛాతీ స్కాన్ దేనికని విసుక్కోకండి. సెల్‌ఫోను వల్ల వస్తుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. నొప్పి, ఉపశమనం చూసే డాక్టరును పిలిస్తే చేతులెత్తేసినట్టు కాదు. వైద్యం నడుస్తుండగానే నిద్ర, వాంతులు, మనిషి తీరులో వచ్చే మార్పులు, ఇంటివాళ్ల అలసట చూసేది ఆయనే.

బుధవారం లిస్టులో పేరు ఉండాలంటే సీడీలు, బ్లాకు, పాత రిపోర్టులు, వేసుకునే మాత్రల చీటీ సోమవారం సాయంత్రానికి నా చేతికి రావాలి. మంగళవారం రాత్రి పదింటికి "చూసిపెట్టండి మేడం" అని ఫోన్ చేస్తే పేరు వచ్చే వారానికి పోతుంది.