పంటి గారకూ, పొద్దున్నే బిగుసుకుపోయే వేళ్లకూ లంకె ఏమిటి?

పొద్దున లేచి పేస్టు మూత తిప్పబోతే వేళ్లు మాట వినవు. గుప్పిట పూర్తిగా మూసుకోదు. గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి, గంట గడిస్తే గానీ మిక్సీ జారు మూత ఊడి రాదు. రెండు చేతుల్లోనూ మెటికలు, వేళ్ల నడిమి కణుపులు, మణికట్లు వాచి ఉంటాయి. గోరు పక్కన ఉండే చివరి కణుపు జోలికి మాత్రం ఈ జబ్బు సాధారణంగా పోదు. ఇలా ఆరు వారాలు సాగితే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను అనుమానించాలి. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. ఇక్కడ మన రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద దాడికి దిగుతుంది. నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువగానో వచ్చే ఈ జబ్బు మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

దీన్ని పట్టుకోవడానికి డాక్టర్లు రాసే రక్తపరీక్షల్లో యాంటీ సీసీపీ ఒకటి. యాంటీబాడీలంటే సూక్ష్మజీవుల మీదికి రోగనిరోధక శక్తి పంపే ప్రొటీన్లు. వాటిలో గురితప్పి మన ఒంటి ప్రొటీన్ల మీదే తిరగబడ్డవాటిని అది లెక్కిస్తుంది. ఈ యాంటీబాడీలు చాలామందిలో నొప్పి మొదలవడానికి కొన్నేళ్ల ముందే, కొందరిలో పదేళ్ల ముందే రక్తంలో తిరుగుతుంటాయి. అప్పటికి కీళ్లు శుభ్రంగానే ఉంటాయి. అంటే రోగనిరోధక శక్తి దారి తప్పింది కీళ్లలో కాదు, ఇంకెక్కడో. పొగ పీల్చిన ఊపిరితిత్తులు, పేగులు, చిగుళ్లు, ఈ మూడింటి మీదా పరిశోధకులకు అనుమానం ఉంది. వాటిలో చిగుళ్ల కథ చిత్రమైనది.

యాంటీబాడీలు గురిపెట్టేది సిట్రులిన్ అనే చిన్న మార్పు మీద. ప్రొటీన్లలో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దానికి ధన విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ప్రొటీన్ మడతలను పట్టి ఉంచడంలో దానికీ పాలు ఉంది. ప్యాడ్ అనే ఎంజైమ్ దాన్ని సిట్రులిన్‌గా మారిస్తే ఆ ఆవేశం పోతుంది. చీర కుచ్చిళ్లకు పెట్టిన పిన్ను ఊడినట్టే. చీర అదే, మడతలు మాత్రం జారిపోతాయి. ఒంట్లో వాపు వచ్చిన ప్రతిచోటా ఈ మార్పు కొంత జరుగుతూనే ఉంటుంది, చాలామందికి ఏమీ కాదు. కానీ హెచ్ఎల్ఏ డీఆర్‌బీ1 జన్యువులో కొన్ని రకాలున్నవారిలో సిట్రులిన్ ఉన్న ప్రొటీన్ ముక్కలు రోగనిరోధక కణాల గూట్లో చక్కగా ఒదుగుతాయి. కణాలు వాటిని పరాయివిగా చూపిస్తాయి. గొడవ అక్కడ మొదలవుతుంది.

చిగుళ్ల జబ్బుకు ముఖ్య కారకాల్లో ఒకటైన పోర్ఫైరోమొనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు సొంత ప్యాడ్ ఎంజైమ్ ఉందని 1999లో తేలింది. మన ఎంజైమ్‌కు కాల్షియం కావాలి, దీనికి అక్కర్లేదు. ఈ బ్యాక్టీరియా ముందు తన కత్తెర ఎంజైములతో ప్రొటీన్‌ను ఆర్జినైన్ దగ్గర కోస్తుంది, తర్వాత ఆ కొసను సిట్రులిన్‌గా మారుస్తుంది. రెండో అనుమానితురాలు అగ్రిగాటిబ్యాక్టర్ ఆక్టినోమైసిటెమ్‌కోమిటాన్స్. పేరు పలకడానికే నోరు తిరగదు. దాని దారి వేరని 2016లో జాన్స్ హాప్కిన్స్ బృందం చూపింది. దాని విషం తెల్లరక్తకణాల పొరకు చిల్లులు పెడుతుంది. కాల్షియం లోపలికి వరదలా వస్తుంది, కణం సొంత ప్యాడ్ ఎంజైములు అదుపు తప్పి కనిపించిన ప్రొటీన్‌నల్లా మార్చేస్తాయి.

2023లో స్టాన్‌ఫర్డ్, రాక్‌ఫెల్లర్ పరిశోధకుల అధ్యయనం ఇంకో ముడి విప్పింది. అంతకుముందే కొద్దిమంది రోగులు ఇంట్లోనే వేలు గుచ్చుకుని, వారం వారం రక్తపు చుక్కలు ల్యాబుకు పంపుతూ వచ్చారు. ఆ రక్తంలో మనిషి ఆర్‌ఎన్‌ఏతోపాటు బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏనూ వెతికారు. చిగుళ్ల జబ్బు ఉన్నవారి రక్తంలో నోటి బ్యాక్టీరియా పదేపదే కనిపించి మాయమవుతూ వచ్చింది. అలా వచ్చిన బ్యాక్టీరియా మీద నోట్లోనే సిట్రులిన్ ముద్ర పడింది, రోగుల యాంటీబాడీలు దాన్ని గుర్తుపట్టాయి. చిగుళ్లు బాగా పాడైన నోట్లో పళ్ల చుట్టూ ఉండే పుండు వైశాల్యం 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు అగ్గిపెట్టె పైభాగమంత. చేతి మీద అంత పుండుంటే ఎవరూ ఊరుకోరు.

ఇంతవరకూ చదివి పళ్లు పీకించుకుంటే కీళ్లు బాగుపడతాయనుకోవద్దు. ఆ ప్రయోగం అయిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా, బ్రిటన్‌లలో కీళ్లవాతం పేరు చెప్పి వేలమంది పళ్లు ఊడబెరికారు. ఒకప్పుడు ఆ పద్ధతిని నమ్మిన అమెరికా డాక్టరు రసెల్ సెసిల్ తానే 1938లో 200 మంది రోగులను పరిశీలించి, దానివల్ల ఒరిగిందేమీ లేదని రాశాడు.

ఇంకో చిక్కు ఉంది. తీవ్రమైన చిగుళ్ల జబ్బు మగవాళ్లలోనే ఎక్కువ. బ్యాక్టీరియాయే మొత్తం కారణమైతే కీళ్ల జబ్బూ వాళ్లకే ఎక్కువ రావాలి కదా? గర్భిణుల సంగతి చూడండి. హార్మోన్ల వల్ల గర్భిణుల చిగుళ్లు ఉబ్బుతాయి, తోముకుంటే రక్తం వస్తుంది. అదే నెలల్లో చాలామందికి కీళ్ల నొప్పులు తగ్గుతాయి, కాన్పయిన కొన్ని నెలలకు తిరగబెడతాయి. చిగుళ్లు ఒక దిక్కు, కీళ్లు ఒక దిక్కు. కాబట్టి నోరు నిప్పురవ్వ కావచ్చు. ఎండుగడ్డి మాత్రం జన్యువులు, హార్మోన్లు, పొగాకు కలిసి పోగుచేసినది. శ్రీకాకుళం, విశాఖ వైపు పాతతరం ఆడవాళ్ల అడ్డపొగ చుట్ట, పళ్లకు పొడుం రుద్దుకునే అలవాటు ఇక్కడ గుర్తుకు రాక మానవు. పొగ తాగడం ఈ కీళ్ల జబ్బు ముప్పును పెంచుతుంది. పొగాకు ఏ రూపంలో ఉన్నా చిగుళ్లకు చేటే.

చిగుళ్లకు వైద్యం చేస్తే కీళ్లు కుదుటపడతాయా? చిన్న అధ్యయనాల్లో వాపు కొద్దిగా తగ్గింది. ఫ్రాన్స్‌లో వందలమందిపై చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం నోటి శుభ్రత నేర్పినా కీళ్లలో తేడా రాలేదు. అందుకే ఈ కీళ్ల జబ్బుకు డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్ మాత్ర మానేసి మౌత్‌వాష్ పట్టుకోవడం తెలివితక్కువ పని. ఆ మాత్ర వారానికి ఒక్కరోజే అని మరిచిపోకూడదు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. దాన్ని వాడేవారికి నోట్లో పుండ్లు వస్తే వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి. రక్తకణాలు తగ్గుతున్నాయేమో చూస్తారు, ఫోలిక్ యాసిడ్ మోతాదు సరిచేస్తారు.

అయినా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. పళ్లు ఊడకుండా నిలవడం ఒక్కటే చాలు దానికి కారణం. మిల్లీమీటరు గీతలున్న సన్నటి పుల్లతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. 4 గానీ, అంతకుమించి గానీ ఉండి, రక్తం కూడా వస్తే చిగురు కింద గార చేరి ఉండొచ్చు. అది బ్రష్షుకు రాదు, గీకించాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మనవాళ్ల భయం. నిజానికి ఎముక అప్పటికే తరిగి ఉంటుంది, ఆ వదులును గార కప్పి ఉంచుతుంది. గార పోయి చిగురు వాపు తీయగానే సందులు బయటపడతాయి.

ఇంట్లో మెత్తటి బ్రష్షును చిగురూ పన్నూ కలిసే చోట 45 డిగ్రీల వాలుగా ఆనించి, రెండు నిమిషాలు చిన్న చిన్న కదలికలతో తోమాలి. వేళ్లు పట్టనివారు బ్రష్షు పిడికి సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు తొడిగినా, పాత గుడ్డ మందంగా చుట్టినా పట్టు దొరుకుతుంది. బ్యాటరీ బ్రష్షు ఇంకా నయం, దాని పిడే లావు. పళ్ల సందులకు దారం లాగడం ఈ చేతులకు కష్టం, సందుల బ్రష్షు సులువు. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం ద్రావణం రాసిస్తే 10 మిల్లీలీటర్లు అర నిమిషం నుంచి నిమిషం దాకా పుక్కిలించాలి. పేస్టు నురగ దాని పని చెడగొడుతుంది కనుక తోముకున్నాక అరగంట ఆగాలి. వారాల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుకకు రుచి మారుతుంది.

నోరు ఎప్పుడూ ఎండిపోతుంటే, అన్నం ముద్ద నీళ్లు లేకుండా దిగకపోతే డాక్టరుకు చెప్పండి. ఈ జబ్బుతోపాటు లాలాజల గ్రంథులూ దెబ్బతినే షోగ్రెన్ సమస్య ముఖ్యంగా ఆడవాళ్లలోనే వస్తుంది, ఆ నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఎముకల కోసం అలెండ్రోనేట్ మాత్రలు గానీ, ఏడాదికోసారి జోలెండ్రోనేట్ ఇంజెక్షన్ గానీ తీసుకుంటుంటే పన్ను పీకించుకునే ముందే ఆ చీటీ పళ్ల డాక్టరుకు చూపించాలి. అరుదే అయినా, పీకిన చోట దవడ ఎముక మానకుండా బయటికి తేలే ప్రమాదం ఉంది.