ఆ 50 ఓమ్‌లు ఎవరివి?

రేడియో ట్రాన్స్‌మిటర్ వెనక, యాంటెనా తగిలించే చోట "50 ఓమ్‌లు" అని రాసి ఉంటుంది. పెట్టె లోపలి ఇంపెడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) కూడా అంతే అయితే, పుట్టిన పవర్‌లో సగం లోపలే వేడిగా పోవాలి కదా అని ఒక ఎలక్ట్రానిక్స్ విద్యార్థి అడిగారు. ఎంత మంచి ప్రశ్న! ఆ 50 ఓమ్‌లు పెట్టెవి కానే కావు. ఇంత లోడు, అంటే పవర్ అందుకునే యాంటెనా లాంటిది, తగిలిస్తేనే చెప్పిన పవర్ ఇస్తానని పెట్టె పెట్టే షరతు అది.

చిక్కంతా మనం పాఠం చెప్పే తీరులో ఉంది. లోడు నిరోధం మూలం (పవర్ ఇచ్చే పరికరం) లోపలి నిరోధంతో సమానమైతే గరిష్ఠ పవర్ అందుతుందని భౌతిక శాస్త్రవేత్త యాకోబీ 1840 ప్రాంతంలో చెప్పాడు. దాన్ని అవకలనం చేసి నిరూపిస్తే పరీక్షలో మార్కులు పడతాయి. మూలం ఎంత కరెంటైనా, ఎంత వోల్టేజైనా ఇవ్వగలదన్న ఊహ మాత్రం ఎవరి కంటా పడదు. 1880 నాటికే ఎడిసన్ బృందం డైనమో లోపలి నిరోధాన్ని లోడు కంటే బాగా తగ్గించి, సగానికి మించిన దక్షత సాధ్యమేనని చూపించింది.

బావిలో నీళ్లు తోడే మనిషిని చూడండి. అతని చేతులకు రెండు హద్దులు: ఎంత బరువు లాగగలడు, ఎంత వేగంగా లాగగలడు. చేంతాడుకు గంగాళం కడితే పైకి రాదు. చెంబు కడితే చేతులు ఎంత చకచకా ఆడినా తొట్టి నిండదు. బలమూ వేగమూ ఒకేసారి హద్దుకు చేరే బిందె ఒకటుంటుంది, తొట్టి త్వరగా నిండేది దానితోనే. ఆ బిందె చేతుల బరువుతో సరితూగాలని ఎవరూ అనరు. ట్రాన్స్‌మిటర్‌లో పవర్ పుట్టించే ట్రాన్సిస్టర్‌కు కరెంటే బలం, వోల్టేజే వేగం. లోడు నిరోధం తగ్గేకొద్దీ బిందె బరువెక్కుతుంది.

ఇక లెక్క. సరఫరా 12 వోల్టులు, ట్రాన్సిస్టర్ మోయగల కరెంటు 1 ఆంపియర్ అనుకుందాం. ట్రాన్సిస్టర్ ఎప్పుడూ కరెంటు మోస్తూనే ఉండే క్లాస్-ఎ పద్ధతిలో కరెంటు 0.5 ఆంపియర్‌కు అటూ ఇటూ ఊగుతుంది, వోల్టేజి 12కు అటూ ఇటూ ఊగుతుంది. 12ను 0.5తో భాగిస్తే 24 ఓమ్‌లు: ఇదే సరైన బిందె. దీనితో 3 వాట్లు వస్తాయి. ట్రాన్సిస్టర్ సొంత అవుట్‌పుట్ నిరోధం 200 ఓమ్‌లు అనుకుని, పుస్తకం చెప్పినట్టు 200 ఓమ్‌ల లోడే తగిలిస్తే వోల్టేజి ముందే హద్దుకు తగులుతుంది. అందేది 0.36 వాటు. చేతుల్లో బలం ఉండగానే చెంబుతో తోడినట్టయింది!

క్లుప్తంగా, కావలసిన లోడు అంటే సరఫరా వోల్టేజి వర్గాన్ని పవర్‌కు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది. 12 వోల్టులతో 100 వాట్లు కావాలంటే 0.72 ఓమ్. యాంటెనా 50 ఓమ్‌లను అంత కిందికి దించే పని కాయిల్, కెపాసిటర్లతో కూర్చిన మ్యాచింగ్ వలయానిది. అక్కడ కరెంటు శిఖరం 16.7 ఆంపియర్లు. దారిలో 0.02 ఓమ్ నిరోధం ఉన్నా 2.8 వాట్లు వేడైపోతాయి. 50 వోల్టులతో అదే పని చేస్తే లోడు 12.5 ఓమ్‌లు, ఆ నష్టం 0.16 వాటు. సెల్ టవర్లలో గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లను 50 వోల్టుల దరిదాపుల్లో నడపడానికి ఇదొక పెద్ద కారణం.

అసలు ట్రాన్సిస్టర్‌కు ఏ లోడు నచ్చుతుందో లోడును రకరకాలుగా మార్చి కొలుస్తారు. దీన్ని లోడ్-పుల్ అంటారు. ఆ కొలతల్లో ఒకే పవర్ ఇచ్చే లోడులను కలిపితే వచ్చే గీతల ఆకారాన్ని ఈ రెండు హద్దుల (కరెంటు, వోల్టేజి) నుంచే లెక్కగట్టవచ్చని 1983లో ఇంజినీరు స్టీవ్ క్రిప్స్ చూపించాడు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందంగా తోచే ఫలితం అదే.

యాంటెనా సరిపడకపోతే వెనక్కి వచ్చిన తరంగం ట్రాన్సిస్టర్‌లోకి దూరి దాన్ని కాల్చేస్తుందని హామ్ రేడియో వాళ్లలో (సరదాకి సొంత రేడియో నడిపేవాళ్లలో) ఒక గట్టి నమ్మకం ఉంది. యాంటెనా 150 ఓమ్‌లు అనుకోండి, కేబులు 50 ఓమ్‌లది. పావు తరంగం పొడవున్న కేబులు చివర అది 16.7 ఓమ్‌లుగా కనిపిస్తుంది. 145 మెగాహెర్ట్జ్ వద్ద మామూలు కేబులులో ఆ పొడవు సుమారు 34 సెంటీమీటర్లే. అంటే మూరెడు కూడా లేని ముక్క కలిపితే బిందె మారిపోయింది. లోపలి మ్యాచింగ్ వలయాన్ని బట్టి ఒక పొడవుతో ట్రాన్సిస్టర్ వోల్టేజి హద్దుకు తగలవచ్చు, ఇంకో పొడవుతో కరెంటు మితిమీరి కాలిపోవచ్చు. వెనక్కి వచ్చే పవర్ నిష్పత్తి మాత్రం రెండిటిలోనూ ఒకటే, నాలుగో వంతు. కాబట్టి తేడా తెచ్చేది ఆ తరంగం కాదు, ట్రాన్సిస్టర్‌కు కనిపించే లోడు.