లాన్‌లో మచ్చలు: పైపు అందుకునే ముందు ఒక్క నిమిషం ఆగండి

నా ఫోన్‌కి వచ్చే ఫొటోల్లో సగం ఒకేలా ఉంటాయి. పచ్చటి లాన్ మధ్యలో పళ్లెమంత గోధుమరంగు మచ్చ, ఫొటో అంచున తీసినవాళ్ల చెప్పులు, కింద ఒక ప్రశ్న: "సార్, రోజూ నీళ్లు పోస్తున్నాం, యూరియా కూడా వేశాం. అయినా ఎందుకు పోతోంది?"

పదిహేడేళ్లుగా లాన్లు బాగుచేసే పనిలోనే ఉన్నాను. ఆ "అయినా" దగ్గర ముందు నవ్వొస్తుంది, వెంటనే జాలేస్తుంది. చాలాసార్లు అక్కడ ఉండాల్సిన మాట "అందుకే". పాపం, వాళ్లు అశ్రద్ధ చేసి పోగొట్టుకున్నది కాదు. ఎక్కువ చేసి పోగొట్టుకున్నది.

అపోహ: గడ్డి పసుపెక్కిందంటే దాహమేసినట్టే. రోజూ కాసిని నీళ్లు చల్లాలి.

నేను చూసిన పాడైన లాన్లలో ఎండకి ఎండినవాటికంటే నీళ్లు ఎక్కువై పోయినవే ఎక్కువ. అందుకే మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

వేరుకి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. రోజూ సాయంత్రం పది నిమిషాలు పైపు పట్టుకుని చల్లితే పై రెండంగుళాల మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, కింద మాత్రం పొడిగానే ఉండిపోతుంది. వేర్లు తడి ఉన్నచోటే పెరుగుతాయి కాబట్టి పైపైనే అల్లుకుంటాయి. ఆ పైమట్టిలో మళ్లీ గాలి ఆడదు. వేరు కుళ్లడం మొదలవుతుంది. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి మధ్యాహ్నం ఎండకి ఆకు వాడిపోతుంది. మనం చూసి "అయ్యో, నీళ్లు చాల్లేదు" అని ఇంకో బకెట్ పోస్తాం. మునిగిన గడ్డీ, ఎండిన గడ్డీ పైకి ఒకేలా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

ఒక రిటైరైన మాస్టారి లాన్ చూడడానికి వెళ్లాను. గేటు తీయగానే వాసన తెలిసిపోయింది, మూతపెట్టి మర్చిపోయిన తడిగుడ్డ వాసన. పొద్దునోసారి, సాయంత్రమోసారి నీళ్లు. ఆరోచోట మచ్చ పడేసరికి మధ్యాహ్నం కూడా మొదలుపెట్టారట. మచ్చ అంచున గుప్పెడు గడ్డి పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. వేర్లు రెండు వేళ్ల వెడల్పంత లోతు కూడా దిగలేదు, రంగు తెలుపు కాదు, నానిన టీపొడి రంగు. మధ్యమధ్యలో తుంగ మాత్రం హాయిగా నిలబడి ఉంది. తుంగకి తడంటే ప్రాణం. లాన్‌లో తుంగ పెరిగిపోతోందంటే ముందు మీ నీళ్ల లెక్క చూసుకోండి, కలుపు మందు తర్వాత.

"నాలుగు రోజులు పైపు ముట్టుకోకండి మాస్టారూ" అన్నాను.

"నాలుగు రోజులా! చచ్చిపోతుందయ్యా."

"చావదండీ."

"చస్తే నీదే పూచీ."

"నాదే."

రెండో రోజు ఫోన్, మూడో రోజు ఫోన్. ఆయన టెన్షన్ నాకు అర్థమవుతుంది. పెంచుతున్నదానికి నీళ్లు ఆపమంటే ఎవరికి చేతులాడతాయి? ఐదో రోజు వెళ్లి కలిసి ఒక్కసారి గట్టిగా తడిపాం. ఆ తర్వాత వారానికి రెండే తడులు. మూడు వారాలకి మచ్చల అంచుల్నుంచి తీగలు లోపలికి పాకడం మొదలుపెట్టాయి. ఒక్క మచ్చ మాత్రం పూడలేదు. దాని సంగతి కిందకి వస్తాను.

నీళ్లు ఎంత పోయాలి? పెరిగే రోజుల్లో చాలా రకాల గడ్డికి వానతో కలిపి వారానికి దాదాపు 25 మిల్లీమీటర్లు సరిపోతుంది. చదరపు మీటరుకి 25 లీటర్లన్నమాట. కంటితో అంచనా వేయకండి, అందరం తప్పుతాం. నిటారు అంచులున్న ఖాళీ డబ్బాలు నాలుగైదు లాన్‌లో అక్కడక్కడ పెట్టి, స్ప్రింక్లర్ పదిహేను నిమిషాలు తిప్పి, డబ్బాల్లో నీటిని స్కేలుతో కొలవండి. సగటున 6 మిల్లీమీటర్లు పడితే మీకు వారానికి గంట కావాలి. అరగంట చొప్పున రెండుసార్లు. ఒక డబ్బాలో 10, ఇంకోదాంట్లో 2 పడితే మీ మచ్చల రహస్యం అక్కడే దొరికినట్టు. అరగంట కాకముందే నీరు పారిపోతుంటే ఆపి, ఇంకాక మళ్లీ తిప్పండి. ఇసుక నేలైతే ఇదే లెక్కని ఇంకొన్ని తడులుగా విడగొట్టాలి, అది నీరు పట్టి ఉంచదు.

మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చి చూడండి. 15 సెంటీమీటర్లు సులువుగా దిగితే తడి అందినట్టే. దిగకపోతే తడి చాల్లేదు, లేదా నేల గట్టిపడింది. నిజంగా దాహమేసిన గడ్డి తనే చెబుతుంది: రంగు కాస్త నీలిబూడిద వైపు తిరుగుతుంది, నడిస్తే మీ అడుగులు చాలాసేపు అలాగే ఉండిపోతాయి. ఆ రెండూ కనబడేదాకా ఆగినా కొంప మునగదు.

వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజామున తడపండి. రాత్రి తడిపితే ఆకు తెల్లార్లూ తడిగానే ఉంటుంది, ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి? మిట్టమధ్యాహ్నం నీటిచుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకుని కాల్చేస్తాయన్నది మాత్రం పుకారు. అప్పుడు పోస్తే నీరు ఆవిరై దండగవుతుంది, అంతే.

అపోహ: మచ్చ మీద గుప్పెడు యూరియా వేస్తే పచ్చబడుతుంది.

దీనికి మాటలొద్దు, లెక్క చాలు. యూరియాలో 46 శాతం నత్రజని. ఒక విడతకి యూరియా చదరపు మీటరుకి 10 గ్రాములు దాటకూడదు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి మచ్చకి అది ఒక గ్రాము కూడా కాదు. మీ గుప్పెట్లో తక్కువలో తక్కువ 30 గ్రాములుంటుంది. అంటే 40 రెట్లు. ఎరువు కూడా ఒక రకం ఉప్పే అనుకోండి, ఎక్కువైతే వేరులోంచీ ఆకులోంచీ నీటిని బయటికి లాగేస్తుంది. పైగా కుళ్లిన వేరు ఎరువు తీసుకోలేదు. ఫంగస్ పట్టిన గడ్డికి నత్రజని ఎక్కించడమంటే, బ్రౌన్ ప్యాచ్ లాంటి తెగుళ్లలో, జబ్బుకి బలమివ్వడమే.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒకరి లాన్‌లో సాయంత్రం పూట, తడి ఆకుల మీద, చేత్తో యూరియా విసిరి, నీళ్లు పెట్టకుండా వచ్చేశాను. రెండో రోజుకి నేను చెయ్యి ఊపిన తీరంతా గడ్డి మీద అచ్చుపడింది. చంద్రవంకల్లా వరసగా పసుపుచారలు. ఎవరు చేశారని అడగక్కర్లేకుండా నా సంతకమే ఉంది. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, టీ ఇచ్చి పంపారు. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ ఎరువు తూకం వేయకుండా సంచి విప్పను. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్లతో ఆకు మీదినుంచి మట్టిలోకి దింపేస్తాను.

అపోహ: చచ్చినచోట విత్తనాలు చల్లితే, లేదా కొత్త గడ్డి ముక్క పెడితే సరి.

గడ్డి ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది పెడితే అదీ అలాగే పోతుంది. మాస్టారి లాన్‌లో పూడని ఆ ఒక్క మచ్చని అంతకుముందే మూడుసార్లు మార్పించారట. గునపం వేస్తే జానెడు లోతులో టంగుమంది. ఇల్లు కట్టినప్పుడు పారబోసిన సిమెంటు మాలు గట్టిపడి, చాటంత పలకై కూర్చుంది. దాని మీద ఏ గడ్డి బతుకుతుంది? తవ్వి తీయడానికి ఒక పూట పట్టింది.

కాబట్టి ముందు మచ్చని చదవండి. గడ్డి పట్టి లాగితే గట్టిగా నిలిచి, మొదట్లో ఇంకా తెల్లగా ఉంటే అది చావలేదు, ఎండకో చలికో నిద్రపోయింది. తివాచీలా పైకి లేచి వస్తే వేరుపురుగు అనుమానించండి. మచ్చ అంచున అడుగు చదరం మూడువైపులా కోసి మడిచి చూస్తే తెల్లటి పురుగులు ఇంగ్లిష్ సీ అక్షరంలా చుట్టుకుని కనిపిస్తాయి. నాలుగైదుంటే ఆరోగ్యంగా ఉన్న లాన్ తట్టుకుంటుంది. పది దాటితే మందు గురించి ఆలోచించాలి. ఒక్క పురుగు కనబడగానే లాన్ మొత్తానికి మందు కొట్టించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మధ్యలో ఎండి, చుట్టూ ముదురుపచ్చ వలయముంటే చాలావరకు కుక్క మూత్రమే. స్క్రూడ్రైవర్ ఎక్కడా దిగకపోతే నేల గట్టిపడింది.

కారణం తీసేశాక పని పెద్దదేం కాదు. చచ్చిన గడ్డి గీకి తీసేయండి. మూడంగుళాల లోతు మట్టి గుల్లచేసి, బాగా చివికిన కంపోస్ట్ కలిపి, చుట్టూ ఉన్న మట్టానికి సమం చేసి, కాలితో మెత్తగా తొక్కండి. లేకపోతే నెలకి అక్కడ గుంట పడుతుంది. గరిక, జోయిసియా లాంటి పాకే రకాలైతే అరచేతంత మచ్చ దానంతటదే పూడుతుంది, తొందరపడకండి. అంతకంటే పెద్దదైతే కణుపులున్న తీగముక్కలో పిలకలో జానెడు దూరంలో నాటండి. ఫెస్క్యూ, రై లాంటివి దుబ్బులుగా పెరిగేవి, పాకి రావు, వాటికి విత్తనం తప్పదు. విత్తనం మట్టికి ఆనాలి, పాత గడ్డి మీద వేలాడితే మొలవదు. పళ్లున్న రేక్‌తో పైపైన గీకి, అదిమి వదిలేయండి. మొలకెత్తేదాకా మాత్రం రోజుకి రెండు మూడుసార్లు పలచగా తడపాలి. నేను పైన తిట్టిన పద్ధతి ఇక్కడొక్కచోటే ఒప్పు. మొలిచాక మెల్లగా తడులు తగ్గించండి. రై వారం పది రోజుల్లో మొలుస్తుంది, ఫెస్క్యూకి రెండు వారాలు పట్టొచ్చు, కెంటకీ బ్లూగ్రాస్ మూడు నాలుగు వారాలదాకా మన సహనాన్ని పరీక్షిస్తుంది. పదో రోజున "విత్తనం నకిలీ" అని తీర్మానించి తవ్వేసినవాళ్లు నాకు తెలుసు.

కలుపు మొలవకుండా ఆపే మందు ఈమధ్యే చల్లి ఉంటే గడ్డి విత్తనం కూడా మొలవదు. ఇది ముందే అడిగితే ఎవరికీ గుర్తుండదు, మొలవకపోయాక గుర్తొస్తుంది.

ఇక మిగతా అపోహలు గబగబా. ప్రతి పేరాలో మొదటి వాక్యం అపోహ, ఆ తర్వాతది జవాబు.

కుక్క మూత్రంలో ఆమ్లం గడ్డిని కాలుస్తుంది. ఆమ్లం కాదు, ఒకేచోట కుమ్మరించిన నత్రజని, లవణాలు. చుట్టూ వలయం పచ్చగా ఉండేది అందుకే, అక్కడ మోతాదు పలచబడి ఎరువైంది. అది పోసిన వెంటనే ఓ బకెట్ నీళ్లు పోస్తే చాలు. కుక్కకి ఏవేవో తాగించకండి.

పొట్టిగా కత్తిరిస్తే తరచూ కొయ్యక్కర్లేదు. ఒక్క కోతలో ఆకు పొడవులో మూడోవంతుకి మించి తీయకండి. గరిక 3 సెంటీమీటర్లకి కోసినా నవ్వుతూ ఉంటుంది, ఫెస్క్యూని 7 కంటే కిందకి దించితే వేరు బలహీనపడి, ఎండపడ్డ మట్టిలో కలుపు లేస్తుంది. కోసిన రెండు రోజులకి లాన్ మొత్తం తెల్లబారితే అది తెగులు కాదు, మీ బ్లేడ్ మొద్దుబారింది.

కోసిన గడ్డి వదిలేస్తే నేల మీద చివకని పొర పేరుకుంటుంది. సన్నటి తునకలు త్వరగా చివికి నత్రజని తిరిగిస్తాయి. పొర కట్టేది కాడలు, వేర్లు. ముద్దలు ముద్దలుగా పడితే మాత్రం విదిలించండి.

పైన మట్టి పోస్తే గడ్డి బలపడుతుంది. సెంటీమీటరు లోపు పలచగా, ఆకు కొనలు కనబడేలా అయితే సరే. రెండంగుళాలు పోస్తే దాన్ని పాతిపెట్టడమే.

ఏదో ఒక రకం చెట్టు కింద కూడా పెరుగుతుంది. నీడ తట్టుకునే రకాలకి కూడా రోజుకి నాలుగు గంటల ఎండైనా కావాలి, గరికకి ఆరు పైనే. మా ఇంట్లో పెద్ద చెట్టు కింద నేనే మూడేళ్లు మూడు రకాలు వేశాను. ఏ ఏడుకాయేడు వానలు అయ్యేసరికి పాచి మిగిలేది. చివరికి నాపరాళ్లు పరిచి, పక్కన నీడమొక్కలు పెట్టుకున్నాం. వచ్చినవాళ్లు "గడ్డి పనిచేసే మీ ఇంట్లోనే గడ్డి లేదేంటండీ?" అంటారు. కుర్చీ ఆ రాళ్ల మీదే వేసి, కూర్చోబెడతాను.